ముఖం మీద సర్పి: పొక్కులు మానాయి, మంట మాత్రం వదల్లేదు. మీరు రోజులు ఎలా నెట్టుకొచ్చారు?

నంద్యాల_టీచరమ్మ

అందరికీ నమస్కారం. నాకు 54 ఏళ్లు, నంద్యాల దగ్గర హైస్కూల్లో సోషల్ చెబుతాను. సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన వారంలోనే ఎడమ వైపు సర్పి (ఇంగ్లీషులో షింగిల్స్ అంటారు) లేచింది. నుదురు, పై కనురెప్ప, అక్కడి నుంచి జుట్టులోకి నడినెత్తి దాకా. మొదట ఒట్టి తలనొప్పే అనుకున్నాం. పొక్కులు కనబడగానే స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్తే వైరస్ మందు ఎసైక్లోవిర్ 800 రోజుకు ఐదుసార్లు వేసుకోమని రాశారు. ముక్కు కొస మీద చిన్న పొక్కు చూసి, ఆయనే "ఇంటికి వెళ్లకండి, ఇటు నుంచి ఇటే కంటి డాక్టరుకు చూపించండి" అన్నారు. ముక్కు కొసకు వెళ్లే నరమే కంటిలోకీ వెళ్తుందట. కన్ను బాగానే ఉందన్నారు, దేవుడి దయ.

ఇప్పుడు ఉగాది వచ్చేస్తోంది. పొక్కులు చెక్కు కట్టి రాలిపోయాయి, గోధుమరంగు మచ్చలు మిగిలాయంతే. స్టాఫ్‌రూమ్‌లో అందరిదీ ఒకటే మాట, "తగ్గిపోయింది కదా మేడం!" వాళ్లకు ఏం చెప్పను? అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుంటే నొప్పి లేదు. అదే ఒక్క వెంట్రుక ఎగిరొచ్చి నుదుటికి తగిలిందంటే కరెంటు కొట్టినట్టు ఉంటుంది. దెబ్బ ఓర్చుకోవచ్చు కానీ గాలి ఓర్చుకోలేకపోతున్నా.

క్లాసులో నా కుర్చీకి సరిగ్గా పైనే ఫ్యాన్. ఆపమంటే పిల్లలు చెమటలతో తడిసిపోతారు. మా వారి స్కూటరు వెనక కూర్చుంటే ఎదురుగాలి, కొంగు కప్పుకుంటే కాటన్ చీర గీరుకుంటుంది. దువ్వెన పెట్టాలంటే భయం. తలస్నానం రోజు వస్తోందంటే ముందు రాత్రి నుంచే టెన్షన్.

ఇంకో విచిత్రం చెప్తా, నవ్వకండి. ఈ జబ్బు ముఖానికి నట్టనడుమ గీత గీసినట్టు ఆగిపోతుంది కదా, నా బొట్టు సరిగ్గా ఆ గీత మీద పడుతుంది. రాత్రి స్టిక్కర్ తీసేటప్పుడు కుడి సగం ఊడినట్టు కూడా తెలియదు. ఎడమ సగం దగ్గరికి వచ్చేసరికి ప్రాణం విలవిల్లాడుతుంది. అందుకని పెట్టుకోవడం మానేశాను. దానికి వీధిలో అమ్మలక్కల ఆరాలు వేరే.

రాత్రి నరం నొప్పి మాత్ర ప్రీగాబలిన్ 75 వేసుకుంటున్నా. నొప్పి కొంచెం తగ్గింది కానీ పొద్దున మొదటి పీరియడ్ అంతా మత్తు. మొన్న శాతవాహనుల పాఠం చెబుతూ చెబుతూ, ఎవరి గురించి చెబుతున్నానో మర్చిపోయి పిల్లలనే అడిగాను.

మా అత్తగారేమో ఇది పాముకు చేసిన పాపమనీ, శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించాలనీ, కుమ్మరి చేత జాజు పూయించాలనీ అంటున్నారు. సర్పి చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కదని ఆవిడ భయం. రోజూ పొద్దున్నే నా కుడి చెంప వంక చూసి గానీ కాఫీ ముట్టరు.

నా ప్రశ్నలు ఇవి. ఈ గాలి బాధ పడినవాళ్లు ఏం చేశారు? ఇది ఎన్నాళ్లు ఉంటుంది? మా అమ్మాయికి ఏడో నెల, వచ్చే నెల పురిటికి మా ఇంటికి రావాలి, రావచ్చా?

---

బెజవాడ_మాజీ_కండక్టర్

అమ్మా, నమస్తే. నాకు 67. రిటైరైన ఏడాదే నాకూ వచ్చింది, కుడి పక్క నుదురు, కన్ను. మీరు రాసిన గాలి బాధ చదువుతుంటే నా కథే ఎవరో రాసినట్టుంది. చుట్టాలు వస్తే వాళ్లు కూర్చోకముందే నేను లేచి వెళ్లి ఫ్యాన్ రెగ్యులేటర్ ఒకటి మీద పెట్టేవాణ్ణి. పిసినారి అనుకున్నా సరే అని.

గుడ్డ సంగతి చెప్తాను. కాటన్ వద్దు. కాటన్ మెత్తగానే ఉంటుంది గానీ చర్మాన్ని పట్టుకుని లాగుతుంది. పట్టు జారిపోతుంది. మా పెళ్లినాటి పట్టు కండువా చించి, నుదురు మీదుగా కాస్త బిగువుగా కట్టుకునేవాణ్ణి. వదులుగా కడితే గాలికి ఊగి ఇంకా రాజుకుంటుంది. మీరే అన్నారు కదా అదిమితే నొప్పి లేదని, దాని కిటుకు అదే. బయటికి వెళ్తే దాని మీద టోపీ, పక్కలు కూడా మూసి ఉండే పెద్ద చలవ కళ్లజోడు. పొక్కులు పూర్తిగా మానాకే సుమా, పచ్చి పుండు మీద ఏమీ కట్టకూడదు.

తలస్నానానికి చెంబుతో కుమ్మరించొద్దు. తల వెనక్కి వాల్చి, మంచి వైపు నుంచి గోరువెచ్చని నీళ్లు మెల్లగా జారనివ్వండి. తువ్వాలుతో రుద్దకండి, అద్దండి చాలు. నేను జుట్టు బాగా కురచగా కొట్టించేశాను. మీకు అది కుదరదు కాబట్టి, ఎడమ వైపు జుట్టు నూనె పెట్టి అణిచి, కుడి వైపుకి పాపిడి తీసి చూడండి.

ఎన్నాళ్లు అంటే, నాకు ఏడాది పైనే పట్టింది. అయితే అంతా ఒకేలా లేదు. మంట పోయి దురద మిగిలింది, దురద పోయి ఇప్పుడు కనుబొమ పైన కొంచెం మొద్దుగా ఉంటుంది. గడ్డం గీసుకుంటూ అక్కడ చెయ్యి తగిలితే నాది కాదన్నట్టుంటుంది. అందరికీ ఇంత కాలం పట్టదు, మా వియ్యంకుడికి నెలలోనే పోయింది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. కన్ను ఒకసారి చూపించాం కదా అని ఊరుకోకండి. నాకు పొక్కులు మానాక కన్ను ఎర్రబడి, వెలుతురు చూస్తే గుచ్చుకునేది. లోపల వాపు, కంటి ప్రెజర్ కూడా పెరిగింది అన్నారు. స్టెరాయిడ్ చుక్కలు ఇచ్చి వారాల తరబడి మెల్లమెల్లగా తగ్గించారు.

---

తిరుపతి_మందులషాపు

మేడమ్, నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాదు. మీ డాక్టరును అడగాల్సినవి రాస్తున్నా.

పొద్దున మత్తు గురించి: మాత్ర పడుకునే ముందు కాకుండా ఇంకా ముందు వేసుకోవచ్చా అని అడగండి. కొంతమందికి ఆ మార్పుతోనే సరిపోతుంది. కిడ్నీ సమస్య ఉంటే డోసు మారుతుంది, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించుకోండి. అంతేగానీ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయొద్దు. ఇది పడకపోతే గాబాపెంటిన్, తక్కువ డోసులో ఎమిట్రిప్టిలిన్, నార్‌ట్రిప్టిలిన్ లాంటివి ఉన్నాయి. పారాసెటమాల్ ఇలాంటి నరం నొప్పికి పెద్దగా పనిచేయదు, షాపుకొచ్చి డోలో మీద డోలో కొనుక్కెళ్లేవాళ్లను రోజూ చూస్తుంటా.

మిరపకాయ సారంతో చేసే క్యాప్సెయిసిన్ క్రీము ఒకటి ఉంది, నడుము మీదా వీపు మీదా వచ్చినవాళ్లకు రాస్తారు. మీకు కంటి పక్కన కాబట్టి దాని జోలికి పోకండి. లిడోకైన్ ప్యాచ్ కూడా కంటి దగ్గర డాక్టరు చెప్పకుండా వద్దు. కంటి చుక్కలు చీటీ లేకుండా అసలే కొనొద్దు.

ఇది చదివే మిగతావాళ్లకు: వైరస్ మందు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం. మేడమ్ ఆ పని చక్కగా చేశారు.

మీ అమ్మాయి నిశ్చింతగా రావచ్చు. పొక్కుల్లో నీరు ఉన్నన్నాళ్లే ఆ నీటి వల్ల అంటుతుంది. అది కూడా సర్పిగా కాదు, ఆటలమ్మ ఎప్పుడూ రానివాళ్లకు, టీకా కూడా వేయించుకోనివాళ్లకు ఆటలమ్మగా వస్తుంది. చెక్కులు రాలిపోయాక ఆ భయం లేదు.

---

కోనసీమ_బుల్లోడు

అత్తయ్యగారూ, వేపాకు, పసుపు నూరి పట్టు వేస్తే మూడ్రోజుల్లో పోద్దండి. మా నాయనమ్మకి అలాగే పోయింది. ఈ ఇంగ్లీషు మందులతో ఒంట్లో వేడి పెరిగిపోద్ది.

---

బెజవాడ_మాజీ_కండక్టర్

బాబూ, ఆవిడకి పైన పుండే లేదు, పట్టు దేనికి వేస్తారు? నొప్పి నరంలో ఉంది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పటి పురుగే నరం మొదట్లో దాక్కుని, మనం నీరసపడినప్పుడు ఆ నరం వెంట బయటికి వస్తుందని నాకు కంటి డాక్టరు బొమ్మ గీసి చూపించారు. ముఖానికి ఎడమ నరం వేరు, కుడి నరం వేరు. అందుకే గీత దాటదు. అమ్మా, మీ అత్తగారికి ఈ ముక్క చెప్పండి, కాఫీ వేడిగా తాగుతారు.

---

డల్లాస్_కరీంనగర్_బిడ్డ

అక్కా, మా నాన్నకు కరీంనగర్‌లో ఇట్లనే ముఖం మీద వచ్చింది. నేను ఇక్కడ, ఆయన అక్కడ, వీడియో కాల్‌లో నుదురు చూపియ్యమంటే ఫోన్ సీలింగ్ వైపు పెట్టేటోడు. ఆయన బాధ చూశాక మా అమ్మకు షింగ్రిక్స్ టీకా వేయించినం. 50 దాటినవాళ్లకు ఇస్తరు, రెండు డోసులు, మధ్యలో 2 నుంచి 6 నెలల గ్యాప్. ఇండియాలో 2023లో వచ్చింది. రేటు బాగనే ఉంటది, ముందే కనుక్కోండి. మొదటి డోసుకు అమ్మకు చెయ్యి నొప్పి, రాత్రి జ్వరం, తెల్లారి మామూలే. ఉన్న నొప్పిని అది తగ్గియ్యదు, మళ్లీ రాకుండ చూస్తది అంతే. మీ సార్‌కు కూడా వేయించవచ్చు. మీకు ఎప్పుడు వేయాలన్నది మాత్రం డాక్టరే చెప్పాలె.

---

నంద్యాల_టీచరమ్మ

అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. రెండు పనులు చేశాను. హెచ్చెమ్ గారికి చెప్పి నా టేబుల్ కిటికీ మూలకు జరిపించుకున్నా, ఇప్పుడు ఫ్యాన్ పిల్లల మీద తిరుగుతుంది, నా మీద కాదు. డాక్టరు గారు మాత్ర ఎనిమిదింటికే వేసుకోమన్నారు, మొదటి పీరియడ్ కాస్త తెరిపిగా ఉంది. కంటి డాక్టరు దగ్గరికి శనివారం వెళ్తున్నాం, బోర్డు మీద రాస్తుంటే ఎడమ కన్ను నీరు కారుతోంది, అదీ చెప్పాలి.

బొట్టుకు మా అమ్మాయి ఉపాయం చెప్పింది. స్టిక్కర్ బదులు లిక్విడ్ తిలకం, అదీ వెంట్రుక మందం కుడికి జరిపి. స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ కనిపెట్టలేదు. ఎనిమిదో తరగతి పిల్లలు మాత్రం మొదటి రోజే "మేడం, బొట్టు వంకర" అన్నారు.

కండక్టర్ గారూ, పట్టు గుడ్డ బజారులో కొత్తది కొననా, పాత చీర చించనా?

---

బెజవాడ_మాజీ_కండక్టర్

పాతదేనమ్మా, బాగా ఉతికి నలిగింది చూసుకోండి. జరీ అంచు మాత్రం కత్తిరించేయండి, అది గీరుకుంటుంది. కుట్టు నుదుటి మీదికి రాకుండా ముడి కుడి చెవి వెనక వేసుకోండి. కన్ను నీరు కారుతోందంటున్నారు, శనివారం దాకా ఆగకండి, రేపే వెళ్లండి.