సంతలో బయాలజీ టేబుల్ వేద్దామనుకుంటున్నాం, జనం చేతులతో చేసే పనులేవైనా చెప్పండి

నాగావళి_ఒడ్డు:
అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం, దోమల లార్వాల (నీళ్లలో ఉండే దోమ పిల్లల) మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఫిబ్రవరి 28న సైన్స్ డేకి మా ఊరి దగ్గర వారపు సంతలో ఒక టేబుల్ వేద్దామని నేనూ ఇద్దరు జూనియర్లూ అనుకున్నాం. పోయినేడాది ఒక స్కూల్లో పోస్టర్లు పెట్టి అరగంట మాట్లాడాను, పిల్లలు చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు, అంతే. కానీ అక్కడ మధ్యాహ్న భోజనం వండే అమ్మ అంతా అయ్యాక వచ్చి, "బాబూ, బోదకాలు పరీక్షకి రాత్రిపూటే రక్తం తీస్తారు, ఎందుకు?" అని అడిగింది. ఆ రోజు అడిగిన అసలు ప్రశ్న అదొక్కటే. బస్సు టైమైపోతోందని రెండు ముక్కలు చెప్పి వచ్చేశాను, ఇప్పటికీ మనసులో పీకుతోంది. ఈసారి నేను తక్కువ మాట్లాడి వాళ్లే పట్టుకుని చూసేలా ఉండాలి. ఏం పెట్టమంటారు?

టెక్కలి_టీచరు:
ముందు ఆ పోస్టర్లు ఇంట్లో వదిలేయండి. కాలవ నీళ్లు ఒక బకెట్లో, ఇళ్ల తొట్లలో నీళ్లు ఇంకో బకెట్లో తెండి, నాలుగు తెల్ల పళ్లేలు, గరిటెలు పెట్టండి. వచ్చినవాళ్లే గరిటెతో ముంచి పళ్లెంలో పోసుకోవాలి. మురుగు నీళ్లలో ఉండే క్యూలెక్స్ లార్వా తల కిందికి పెట్టి ఏటవాలుగా వేలాడుతుంది, మలేరియా దోమదైతే నీటి మీద పడుకున్నట్టు అడ్డంగా ఉంటుంది. ఈ తేడా మీరు చెప్పకండి, "రెండూ ఒకలాగే ఉన్నాయా?" అని అడిగి ఊరుకోండి. మా ఏడో తరగతి గుంటలు రెండు నిమిషాల్లో పట్టేశారు. ఒకడు ఇంటికెళ్లి వాళ్ల తొట్టి నీళ్లు సీసాలో పట్టుకొచ్చాడు, అందులో డెంగీ దోమ లార్వాలే. గుడ్డు దోమ కావడానికి మన వేడికి వారం పది రోజులు చాలని తెలిశాక, వారానికోసారి తొట్లు ఎందుకు ఆరబెట్టాలో, ఫ్రైడే డ్రైడే అని ఎందుకంటారో వాళ్ల ఇళ్లలో ఎవరూ విడిగా చెప్పక్కర్లేకపోయింది.

ఒక్క జాగ్రత్త, బకెట్ల మీద దోమతెర గుడ్డ కట్టండి, అయిపోయాక వేడినీళ్లు పోసి పారబోయండి. సబ్బు దగ్గరే ఉంచండి.

జీడితోట_ఉద్దానం:
మంచి పని చేస్తున్నారు, కానీ ఒక మాట. మా ఉద్దానం వైపు వస్తే టేబుల్ మీద సూది, సీసా లాంటివి కనపడనివ్వకండి. కిడ్నీ జబ్బు కోసమని ఎన్నిసార్లు వచ్చారో, మా నాన్న రక్తం రెండుసార్లు ఇచ్చాడు, నీళ్లు పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు. ఏం తేలిందో తిరిగొచ్చి చెప్పినవాళ్లు లేరు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదని మాకూ తెలుసు, అదే మాట మా అరుగు మీద కూర్చుని చెబితే చాలు కదా. మీ టేబుల్ దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టండి, జనం అడిగింది రాసుకోండి, నెల తర్వాత అదే సంతకి మళ్లీ వచ్చి జవాబు చెప్పండి. ఒక్కరోజు హడావుడి చేసి పోయేవాళ్లంటే మా వాళ్లకి విసుగొచ్చేసింది.

విజయనగరం_బాటనీ:
పై మాటతో నూటికి నూరు శాతం ఏకీభవిస్తున్నాను.

చేయించే పనంటారా, జీడాకు, పనసాకు తెప్పించి అడుగుభాగాన గోళ్ల రంగు పూయించండి. ఆరాక టేపు అంటించి లాగితే ఆకు అచ్చు వచ్చేస్తుంది. ఫోల్డ్‌స్కోప్‌లో పెడితే పత్రరంధ్రాలు కనిపిస్తాయి. మను ప్రకాశ్ బృందం చేసిన కాగితం మైక్రోస్కోప్ అది, 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, కరెంటు అక్కర్లేదు. రోజూ చూసే ఆకుకి అన్ని నోళ్లున్నాయని చూసిన రైతు ఇక కదలడు, మందు కొడితే ఇందులోంచే లోపలికి పోతుందా అని అడుగుతాడు, అక్కడినుంచి మీరు గంట మాట్లాడుకోవచ్చు. అరటిపండు డీఎన్‌ఏ కూడా బాగుంటుంది. పండు మెదిపి, ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్లలో కలిపి వడకట్టి, పైన చల్లటి స్పిరిట్ మెల్లగా పోస్తే తెల్లటి పోగులు తేలతాయి. స్పిరిట్ బాగా చల్లగా ఉండాలి, సోడా బండివాళ్ల ఐసు పెట్టెలో పెట్టించండి. అది ఉత్త డీఎన్‌ఏ కాదు, ప్రోటీన్లు కూడా కలిసి ఉంటాయి, ఆ మాట దాచకండి.

నాగావళి_ఒడ్డు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఉద్దానం అన్నయ్యా, నోటు పుస్తకం ఖాయం, నెల తర్వాత రావడం కూడా.

రాత్రి రక్తం సంగతికి ఇలా అనుకున్నాం. బోదకాలు తెచ్చే పెద్ద పురుగులు ఒంట్లో లింఫు నాళాల్లో ఉంటాయి, వాటి పిల్లలు మన దగ్గర రాత్రి 10 నుంచి 2 మధ్య ఎక్కువగా రక్తంలోకి వస్తాయి, వాటిని ఒకరి నుంచి ఇంకొకరికి చేరవేసే క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా రాత్రే. మా ల్యాబులో రంగు వేసిన పాత స్లైడు ఉంది, సాయంత్రం టార్చి వెలుతురులో అది చూపిస్తాం. వంట చేసే అమ్మకి కబురు పెట్టాను, వస్తానంది.

మా దగ్గర ఫోల్డ్‌స్కోప్ ఒకటే ఉంది, లైను పెరిగిపోతుంది. శ్రీకాకుళం, ఆమదాలవలస చుట్టుపక్కల ఎవరైనా ఆ వారానికి ఒకటి ఇవ్వగలరా? నేనే వచ్చి తీసుకెళ్తాను.