పాచి నుంచి సన్‌స్క్రీన్: ఈ వాదన నిలుస్తుందా?

చెరువుగట్టు:
సన్‌స్క్రీన్‌లలో వాడే ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ పగడపు దిబ్బలకు హాని చేస్తాయన్న కారణంతో హవాయి రాష్ట్రం 2018లో చట్టం చేసి, 2021 జనవరి 1 నుంచి వాటితో చేసిన సన్‌స్క్రీన్‌ల అమ్మకంపై నిషేధం విధించింది. మరి ఎండకు ఏం రాసుకోవాలని అడిగేవారికి నా జవాబు పాచి. మండే ఎండలో బతకడానికి సయనోబాక్టీరియా (నీలి-ఆకుపచ్చ పాచి), ఎర్రనాచులు మైకోస్పోరిన్ తరహా అమైనో ఆమ్లాలను తయారుచేసుకుంటాయి. ఇవి సుమారు 310 నుంచి 360 నానోమీటర్ల మధ్యనున్న అతినీలలోహిత (యూవీ) కిరణాలను పీల్చుకొని ఆ శక్తిని వేడిగా వదిలేస్తాయి. సాగుభూమి అడగని ఈ పంట ఉండగా ఎండను ఆపే రసాయనాలను, అంటే ఫిల్టర్లను, పట్టుకొని వేలాడటం దేనికి?

పిప్పెట్టు:
చెరువుగట్టు గారూ, మీరిచ్చిన అంకెలే మీ వాదనకు అడ్డు వస్తున్నాయి. చర్మాన్ని కమిలించే యూవీ-బీ కిరణాలు 280 నుంచి 315 వరకు, లోతుకు దిగే యూవీ-ఏ 400 వరకు ఉంటాయి కాబట్టి, మీరు నడుమ గోడ కట్టి రెండు వైపులా తలుపులు తెరిచిపెట్టినట్టే. పైగా ఇవి నీటిలో కరిగేవి. చెమటకు ఎంతసేపు నిలుస్తాయి? ఐరోపా సమాఖ్య అనుమతించిన ఫిల్టర్ల జాబితాలోనూ ఇవి లేవు. నోరి రేకులు చేసే పోర్ఫైరా నాచు సారాన్ని నేను కూడా క్రీములో కలిపి చూశాను, కానీ ఎండను ఆపే పని మాత్రం జింక్ ఆక్సైడ్‌కే అప్పగించాను.

ఉప్పుతొట్టి:
స్పిరులినా అనే, తినడానికి వాడే సయనోబాక్టీరియాను పెంచేవాడిగా ఒక మాట. మా తొట్లలో సోడియం బైకార్బనేట్ కలిపి పీహెచ్‌ను 10కి దగ్గరగా ఉంచుతాం. అంత క్షారంలో ఇతర జీవులు అంతగా బతకవు కాబట్టి పంట శుభ్రంగా ఉంటుంది. వడగట్టిన నీళ్లు తిరిగి తొట్లోకే పోతాయి. అసలు ఖర్చు ఆరబెట్టడంలో ఉంది, ఎందుకంటే వేడి పెంచితే త్వరగా ఆరుతుంది గానీ ఫైకోసయనిన్ అనే నీలివర్ణం పాడవుతుంది. ఇంట్లోనే చూడవచ్చు: చెంచాడు పొడిని రాత్రి నీళ్లలో వేసి పొద్దున్నే వడగడితే నీలం దిగుతుంది, ఆ గ్లాసును ఎండకు పెట్టి పక్క నుంచి చూస్తే ఎర్రటి మెరుపు కనిపిస్తుంది, పొయ్యి మీద మరిగిస్తే రెండూ పోతాయి. అలా మరిగిపోయిన సరుకుతో చేసిన క్రీము డబ్బా మీద కూడా స్పిరులినా అనే రాసి ఉంటుంది. ఇంకొకటి, ఊరి చెరువులో తేలే పచ్చటి తెట్టును మాత్రం ఎవరూ ముఖానికి రాసుకోవద్దు. అందులో కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ ఉండవచ్చు.

తీరవాసి:
పగడాల పేరుతో మొదలైన చర్చ కాబట్టి అడుగుతున్నాను. లోషన్లను చిక్కబరిచే క్యారగీనన్ కోసం తమిళనాడులోని మండపం తీరంలో కప్పాఫైకస్ అనే విదేశీ నాచును తెప్పల మీద పెంచుతున్నారు, దానివల్ల ఎందరో మత్స్యకార మహిళలకు పని దొరికింది. అదే నాచు మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర బతికున్న పగడాల మీదకు పాకి వాటికి వెలుతురు అందకుండా చేసింది. క్రీములో ఆక్సీబెంజోన్ లేదని మురిసిపోతూ, దాన్ని చిక్కబరిచిన నాచు ఎక్కడ పెరిగిందో అడగకపోతే మనం ఏ పగడాలను కాపాడినట్టు?

చెరువుగట్టు:
తీరవాసి గారు చెప్పిన సంగతి నాకు తెలియదు. సన్‌స్క్రీన్‌కు బదులు అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను, తోడు అంటాను. అయితే షినోరిన్ అనే మైకోస్పోరిన్‌ను జన్యుమార్పిడి చేసిన సయనోబాక్టీరియాతో ప్రయోగశాలలోనే చేయించగలిగారు. సముద్రాన్ని ముట్టుకోని ఆ పద్ధతికి పిప్పెట్టు గారు ఒప్పుకుంటారా?

పిప్పెట్టు:
నాకు అభ్యంతరం లేదు. కానీ డబ్బా మీద "సహజం" అన్న మాట చూసే కొనేవారికి, జన్యుమార్పిడి అన్న మాటను ఎక్కడ ముద్రించి చూపిస్తారు?