20 − 6 + 4, 20 − (6 + 4) సమానమేనా?

ప్రశ్న (ఒక విద్యార్థి తండ్రి):
మా అబ్బాయి ఏడో తరగతి చదువుతున్నాడు. రెండేసి సంఖ్యా సమాసాలు ఇచ్చి, వాటి మధ్య <, >, = గుర్తుల్లో సరైనదాన్ని ఉంచమని హోంవర్క్ ఇచ్చారు. అందులో ఒక లెక్క 20 − 6 + 4, 20 − (6 + 4). బోడ్‌మాస్‌లో (BODMAS: బ్రాకెట్లు, 'ఆఫ్' అంటే 10లో సగం వంటివి, భాగహారం, గుణకారం, కూడిక, తీసివేత అని ఏది ముందు చేయాలో చెప్పే సూత్రం) కూడిక ముందు, తీసివేత తరువాత వస్తాయి కాబట్టి, వాడు ఎడమవైపు కూడా 6 + 4 ముందు చేసి, రెండు వైపులా 10 తెచ్చి, సమాన గుర్తు పెట్టాడు. జవాబుల పట్టికలో మాత్రం > అని ఉంది. వాడి వాదనలో లోపం ఎక్కడుందో కారణంతో సహా వివరించగలరు.

జవాబు 1 (గణిత ఉపాధ్యాయిని):
పట్టికలోని జవాబే సరైనదండీ. బోడ్‌మాస్‌లో ఆరు అక్షరాలు ఉన్నాయి కనుక ఆరు మెట్లు ఉంటాయని పిల్లలు అనుకుంటారు. బ్రాకెట్లు, 'ఆఫ్' పూర్తయ్యాక నిజానికి మిగిలేవి రెండే అంచెలు: భాగహారమూ గుణకారమూ కలిసి ఒకటి, కూడికా తీసివేతా కలిసి మరొకటి. ఒకే అంచెలోని వాటిని ఎడమ నుంచి కుడికి, వచ్చిన వరుసలోనే చేయాలి. అందువల్ల ఎడమవైపు 20 − 6 = 14, 14 + 4 = 18 అవుతుంది. కుడివైపు బ్రాకెట్ ఉంది కనుక 20 − 10 = 10.

బాబుకు ఇంకో విధంగా కూడా చెప్పవచ్చు. ప్రతి సంఖ్యనూ దాని ముందున్న గుర్తుతో కలిపి చదవమనండి: 20, −6, +4. ఈ మూడింటిని ఏ వరుసలో కలిపినా 18 వస్తుంది. కూడికే ముందు చేయాలని పట్టుబట్టినా 20 + 4 చేసి, తరువాత 6 తీసివేయవచ్చు. అంతేగానీ 6 ముందున్న మైనస్‌ను పక్కనపెట్టి 6 + 4 చేయడానికి వీల్లేదు.

జవాబు 2 (పోటీ పరీక్షల శిక్షకుడు):
పై వివరణతో ఏకీభవిస్తున్నాను. అయితే ఇలాంటి లెక్కల్లో రెండు వైపులా విలువ కట్టనవసరం లేదు, బ్రాకెట్ ముందు ఏ గుర్తు ఉందో చూస్తే చాలు. 500 − (137 + 86), 500 − 137 + 86 తీసుకోండి. ఐదువందల నోటు ఇచ్చి 137 రూపాయల నూనె, 86 రూపాయల పప్పు కొంటే మిగిలే చిల్లర మొదటిది, అంటే 277. రెండోదానిలో పప్పు ధర కట్టకపోగా అంత సొమ్ము ఎదురు తీసుకున్నట్లవుతుంది కనుక అది 86కు రెట్టింపు, అంటే 172 ఎక్కువ, విలువ 449. బ్రాకెట్ ముందు ప్లస్ ఉంటే ఆ బ్రాకెట్ తీసేసినా విలువ మారదు.

భాగహారంలోనూ ఇదే జరుగుతుంది. 48 ÷ (8 × 2) విలువ 3, 48 ÷ 8 × 2 విలువ 12. ఇక 25 × (40 − 1), 25 × 40 − 1 విషయంలో, మొదటిదానిలో తగ్గేది 25, రెండోదానిలో తగ్గేది 1 మాత్రమే కనుక రెండోదే పెద్దది. విభాగ న్యాయం, అంటే బ్రాకెట్‌లోని ప్రతి సంఖ్యనూ బయటి సంఖ్యతో గుణించాలన్న సూత్రం తెలిసిన పిల్లవాడు 975, 999 అని లెక్కగట్టకుండానే గుర్తు పెట్టగలడు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మీ వివరణ ప్రకారం మరికొన్ని చేయించాను. ఒక సందేహం మిగిలింది: 7 + 5 × 3 కు ఫోన్‌లో 22 వస్తుంటే, దుకాణంలో వాడే చిన్న క్యాలిక్యులేటర్ 36 చూపిస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు 1 ఇచ్చినవారు:
22 సరైనది. ఆ చిన్న యంత్రం లెక్క మొత్తాన్ని ఒకేసారి చూడదు. గుణకారం గుర్తు నొక్కగానే అప్పటివరకు ఉన్న 7 + 5 ను 12 చేసేసి, దాన్ని 3తో గుణిస్తుంది; అంటే మీరు నొక్కకపోయినా (7 + 5) × 3 చేస్తుంది. దానిలో ఎం ప్లస్ (M+, విలువను యంత్రం జ్ఞాపకంలో కలిపే) మీట ఉంటే, 7 కొట్టి ఆ మీట నొక్కండి, తరువాత 5 × 3 కొట్టి మళ్లీ అదే మీట నొక్కి, చివరగా ఆ జ్ఞాపకంలోని మొత్తాన్ని చూపే ఎం ఆర్ (MR) నొక్కితే 22 వస్తుంది.