ఫ్యాను లేకుండా లేచే లిఫ్టర్: గురుత్వాన్ని జయించినట్టా, గాలిని తోసినట్టా?

శ్రీను, అంబత్తూరు
నిన్న రాత్రి మా లిఫ్టర్ (కరెంటుతోనే గాల్లోకి లేచే తేలికపాటి చట్రం) లేచింది! బాల్సా పుల్లలతో త్రిభుజం, దానికి చుట్టూ వంటింటి ఫాయిల్, ఫాయిల్‌కి మూడు సెంటీమీటర్ల పైన వెంట్రుకంత సన్నటి రాగి తీగ. రిచీ స్ట్రీట్‌లో కొన్న పాత మానిటర్ ఫ్లైబ్యాక్‌తో (వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మర్) తీగకూ ఫాయిల్‌కూ మధ్య పాతిక వేల వోల్టుల దాకా ఇస్తే, సుయ్‌మంటూ కట్టిన దారాలు బిగిసేదాకా లేచి నిలబడింది. ఇది గురుత్వాన్ని జయించడం కాదు, అంతా అయాన్ల (విద్యుత్ చార్జి ఉన్న కణాల) గాలేనని కొట్టిపారేసేవాళ్లకు ఒక్క ప్రశ్న. ప్లస్, మైనస్ తారుమారు చేసినా పైకే లేస్తోంది. గాలే అయితే అప్పుడు కిందికి లాగాలి కదా? విద్యుత్తుకీ గురుత్వానికీ లంకె ఉందని అమెరికన్ ప్రయోగకర్త థామస్ టౌన్‌సెండ్ బ్రౌన్ 1920ల్లోనే నమ్మాడు.

వరలక్ష్మి, వేళచ్చేరి
తమ్ముడూ, లేపినందుకు ముందుగా శభాష్. కానీ దిక్కు తేల్చేది ప్లస్సో మైనస్సో కాదు, తీగ సన్నదనం. అయాన్లు ప్రధానంగా పుట్టేది ఆ సన్నటి తీగ దగ్గరే. తీగకు ప్లస్ ఇస్తే ప్లస్ అయాన్లు, మైనస్ ఇస్తే మైనస్ అయాన్లు. ఏవైనా సరే, తీగ తరిమేస్తుంది, ఫాయిల్ లాక్కుంటుంది. పోతూ పోతూ అవి దారిలో ఉన్న గాలిని కిందికి నెడతాయి.

పొడవాటి ప్లాస్టిక్ గొట్టం చివర అగరుబత్తి గుచ్చి, దూరంగా నిలబడి తీగ పైన పట్టు. పైకి పోవాల్సిన పొగ మెలిక తిరిగి, ఫాయిల్‌ని రాసుకుంటూ నేలకు దిగుతుంది. నేను కళ్లారా చూశాను.

శ్రీను
మరి అమెరికాలోని ఎమ్ఐటీ వాళ్లు ఏకంగా విమానమే ఎగరేశారుగా అక్కా?

వరలక్ష్మి
ఎగరేశారు, 2018లో. స్టీవెన్ బ్యారెట్ బృందం. రెక్కలు 5 మీటర్లు, బరువు 2.45 కిలోలు, 40 వేల వోల్టులు, ఇండోర్ హాల్లో 60 మీటర్లు. వాళ్లూ దాన్ని అయాన్ గాలి అనే చెప్పారు. పైగా ఆ విమానం బ్యాటరీ, వోల్టేజి పెంచే కన్వర్టర్ మోసుకుని ఎగిరింది. నీ కరెంటు సప్లై నేల మీదే ఉంది. అది కూడా లేచిన రోజున వాహనం అందాం.

మూర్తి, పెరంబూరు
బాబూ, నేను ముప్పై ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్నాను. స్విచ్ ఆపినా పిక్చర్ ట్యూబ్‌లో, కెపాసిటర్‌లో చార్జి మిగిలే ఉంటుంది. ప్లాస్టిక్ పిడికి కట్టిన ఎర్త్ వైరుతో తాకించాకే చెయ్యి పెట్టు. ఘాటు వాసన వస్తోందంటే అది ఓజోన్, కిటికీ తెరువు. ఇంట్లో ఒక్కడివే ఉన్నప్పుడు మాత్రం ఆన్ చెయ్యొద్దు.

శ్రీను
అన్నయ్య పక్కనుండగా ఇప్పుడే అగరుబత్తి పట్టి చూశాను. పొగ కిందికే దిగింది అక్కా. సప్లై తూచితే మూడు కిలోలు, లిఫ్టరేమో నాలుగు గ్రాములు. ఇక నా పని సప్లై మీదే.