9 ఏళ్ల కుక్క ఉన్న ఇంటికి కుక్కపిల్లను తెచ్చాము: పెద్దదానికి ఇబ్బంది లేకుండా ఎలా అలవాటు చేయాలి?

ప్రశ్న (కడప నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో జూలీ అనే 9 ఏళ్ల ఆడ లాబ్రడార్ ఉంది. మా అబ్బాయి పట్టుబట్టడంతో ఈ మధ్య 2 నెలల మగ నాటు కుక్కపిల్లను తెచ్చుకున్నాము. అది రోజంతా జూలీ చెవులూ తోకా పట్టుకొని లాగుతుంది, జూలీ తింటున్న గిన్నెలో తల పెడుతుంది. జూలీ గుర్రుమంటుంది, ఒకసారి పళ్లు చూపించి గాలిలో కొరికింది గాని పిల్లకు దెబ్బ తగలలేదు. ఇప్పుడు జూలీ నట్టింట్లోకి రావడం మానేసి మెట్ల కింద పడుకుంటోంది, పెరుగన్నం కూడా సగం వదిలేస్తోంది. దాన్ని కట్టేసి ఉంచమని మా అత్తగారు అంటున్నారు. గుర్రుమన్నప్పుడల్లా గద్దించాలా? ఈ రెండింటికీ పొత్తు కుదరడానికి ఎంతకాలం పడుతుంది?

సమాధానం 1 (అనంతపురం నుంచి)

దయచేసి గద్దించకండి, కట్టేయకండి. గుర్రుమనడం, పళ్లు చూపడం, తగలకుండా గాలిలో కొరకడం అనేవి "ఇక చాలు, దూరం జరుగు" అని కుక్క చెప్పే పద్ధతులు. వాటిని మీరు అణచివేస్తే జూలీకి కోపం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. ఆ తరువాత ఏ సూచనా లేకుండా నేరుగా కరిచే ప్రమాదం ఉంటుంది. గుర్రుమనడానికి ముందే అది ముఖం పక్కకు తిప్పుకోవడం, పెదవులు నాక్కోవడం, ఒళ్లు బిగబట్టడం, కనుకొలకుల్లో తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం చేస్తుంది. ఆ దశలోనే మీరు లేచి పిల్లను పక్కకు తీసుకెళ్తే, తన మాట మనుషులకు అర్థమవుతోందని జూలీకి తెలుస్తుంది.

మెట్ల కింది చోటును జూలీకే వదిలేసి, పిల్ల అటు వెళ్లకుండా ఒక తడిక అడ్డం పెట్టండి. తిండి వేర్వేరు గదుల్లో, తలుపు వేసి పెట్టండి. తిన్న వెంటనే గిన్నెలు తీసేయండి. ఈ వయసు పిల్లలు రోజులో 18 గంటలకు పైగా నిద్రపోవాలి. నిద్ర చాలని పిల్లే ఎక్కువగా కొరుకుతుంది, కాబట్టి కొద్దిసేపు ఆడాక దాన్ని దాని మూలకు చేర్చి పడుకోబెట్టండి.

కొత్త కుక్కలను ఇంటి బయట, ఎవరిదీ కాని చోట కలపమని చాలామంది చెబుతారు. ఆ మాట సరైనదే గాని, టీకాలు పూర్తికాని పిల్లను వీధి కుక్కలు తిరిగే నేల మీద వదిలితే పార్వో వైరస్ (పిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బును తెచ్చేది) సోకవచ్చు. అందువల్ల జూలీ పెద్దగా వెళ్లని మీ మిద్దె మీదనే, ఎండ ఎక్కకముందు, రెండింటికీ తాళ్లు వదులుగా పట్టుకొని కాసేపు పక్కపక్కన నడిపించండి. ముఖాముఖిగా నిలబెట్టవద్దు.

సమాధానం 2 (కర్నూలు నుంచి)

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, ప్రతి చిన్న కసురుకూ మనం అడ్డుపడవలసిన పని లేదని నా అభిప్రాయం. నాటు కుక్కల గుంపుల్లో పెద్దవి ఒక్క కసురుతోనే పిల్లలకు హద్దు నేర్పుతాయి. పిల్ల వెనక్కి తగ్గితే పాఠం అందినట్టే. తగ్గకుండా మళ్లీ మీద పడుతుంటే, లేదా జూలీ వెంటాడి అదిమి పట్టుకుంటే మాత్రం విడదీయాలి.

సమాధానం 3 (కడప నుంచి)

పెంపుడు జంతువుల వైద్యశాలలో సహాయకుడిగా పనిచేస్తున్నాను. తిండి సగం వదిలేస్తోందన్న మాటే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది. దానిని అలక అని తేల్చేయకండి. ఈ వయసు లాబ్రడార్లలో తుంటి, మోకాళ్ల కీళ్ల నొప్పి సాధారణం. నొప్పి ఉన్న కుక్క మీదికి పిల్ల దూకితే అది ఎంత శాంతమైనదైనా కసురుకుంటుంది. పళ్లు, చెవులు కూడా చూపించండి. మన ప్రాంతంలో గోమార్ల వల్ల వచ్చే జ్వరం ఎక్కువే, దాని మొదటి లక్షణాల్లో తిండి తగ్గడం ఒకటి; కాబట్టి రక్తపరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి. ఇంట్లో ఉన్నాయి కదా అని మనుషులు వాడే నొప్పి మాత్రలు మాత్రం వేయకండి, ఐబుప్రొఫెన్ వంటివి కుక్కలకు విషంతో సమానం.

మన ఇళ్లలోని నున్నటి కడప బండల మీద ముసలి కుక్కల కాళ్లు జారతాయి. జారుతుందన్న భయంతోనూ జూలీ నట్టింట్లోకి రాకపోవచ్చు. అది నడిచే దారిలో గోనెపట్టాలు పరచి చూడండి. పిల్లకు టీకాలు 16 వారాల వయసు దాకా విడతలుగా వేయించాలి, నట్టల మందు 3 నెలలు నిండేదాకా 2 వారాలకొకసారి పట్టించాలి. జూలీ టీకాల గడువు కూడా ఒకసారి చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. రేపే డాక్టరుకు చూపిస్తాము, తడిక కూడా కడతాము. బంధువుల పెళ్లికి ఒక పూట వెళ్లవలసి ఉంది. అప్పుడు రెండింటినీ కలిపి ఇంట్లో వదలవచ్చా?

సమాధానం 1 (అనంతపురం నుంచి)

ఇప్పుడే వద్దు, వేర్వేరు గదుల్లో ఉంచి వెళ్లండి. జూలీ లేచి పక్కకు వెళ్లినప్పుడు పిల్ల వెంటపడకుండా ఆగడం, జూలీ తనంతట తాను ముందుకాళ్లు వంచి ఆటకు పిలవడం మీరు తరచుగా చూసిన తరువాత, మీరు పక్క గదిలో ఉంటూ కొద్దికొద్దిగా వదిలి చూడవచ్చు. కొన్ని ఇళ్లలో దీనికి వారాలు పడుతుంది, కొన్నిటిలో నెలలు. పిల్లకు 5 నెలలు దాటేసరికి పెద్దకుక్కలు చూపే ఓపిక తగ్గుతుంది, అదే సమయంలో దాని బలం పెరుగుతుంది. అందువల్ల పిలిస్తే రావడం, చెబితే ఆగడం దానికి ఇప్పటి నుంచే నేర్పండి. సాయంత్రం జూలీని మాత్రం మునుపటిలాగే పిల్ల లేకుండా ఒంటరిగా నడకకు తీసుకెళ్లండి.