విండోస్, లైనక్స్ టైమ్ గొడవ: ఏ పక్కన మార్చాలి?

పెన్నాతీరం (కడప):
ల్యాప్‌టాప్‌లో విండోస్ 10, ఉబుంటు (లైనక్స్) రెండూ ఉన్నాయి. ఉబుంటు వాడి విండోస్‌లోకి వచ్చిన ప్రతిసారీ టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. రిపేరు షాపులో సీమాస్ బ్యాటరీ (మదర్‌బోర్డు గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ) మార్చమంటున్నారు. మార్చాలా?

కేసీకెనాల్ (కర్నూలు):
వద్దు. బ్యాటరీ అయిపోతే తేదీ ఏ పాత సంవత్సరానికో పోతుంది. ప్రతిసారీ కచ్చితంగా ఐదున్నర గంటలే ఎందుకు తగ్గుతుంది? అది మన టైమ్‌కూ యూటీసీకీ (ప్రపంచ ప్రామాణిక సమయానికీ) ఉన్న తేడా. మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు యూటీసీ రాస్తుంది. విండోస్ దాన్ని లోకల్ టైమ్ అనుకుని చదువుతుంది. విండోస్‌కు ముందున్న డాస్ కాలం నాటి అలవాటు, ఇంకా వదల్లేదు. మార్చాల్సింది విండోస్‌నే. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో టైమ్‌జోన్‌ఇన్ఫర్మేషన్ కీ కింద రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అనే డీవర్డ్ (అంకె విలువ) పెట్టి, విలువ 1 ఇచ్చి రీస్టార్ట్ చెయ్యి.

టవర్‌క్లాక్ (అనంతపురం):
అన్నా, రిజిస్ట్రీ దాకా ఎందుకు? ఉబుంటులో 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' కొడితే అదీ లోకల్ టైమే రాస్తుంది, అయిపోయె.

కేసీకెనాల్:
అది కొట్టాక వట్టి 'టైమ్‌డేట్‌సీటీఎల్' కొట్టి చూడు, ఈ పద్ధతికి పూర్తి సపోర్ట్ లేదని అదే హెచ్చరిస్తుంది. టైమ్ జోన్ మారినా, వేసవికి గంట ముందుకు జరిపినా తేడాలొస్తాయి.

టవర్‌క్లాక్:
అవి అమెరికా, యూరప్ బాధలు. మన దేశంలో గడియారం ముందుకు జరిపింది రెండో ప్రపంచ యుద్ధంలో, 1942–45 మధ్య. కడప ల్యాప్‌టాప్‌కు ఆ భయమెందుకు? నీ పద్ధతిలో ఇంకో చిక్కుంది. బయాస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) యూటీసీ కనిపిస్తుంది. నేను చూసుకునే ల్యాబ్‌లో సిస్టమ్‌లు పొద్దున 8:30కి వాటంతటవే ఆన్ అవ్వాలంటే బయాస్‌లో 3:00 అని పెట్టాలి. అది తెలియని టెక్నీషియన్ వచ్చి టైమ్ 'సరిచేసి' పోతే మళ్లీ మొదటికొస్తుంది.

పెన్నాతీరం:
రెండూ వదిలేస్తే? నెట్ ఉంటే టైమ్ అదే సరవుతుంది కదా.

కేసీకెనాల్:
సరవుతుంది, కానీ విండోస్ బూట్ అయిన వెంటనే సింక్ అవుతుందన్న గ్యారంటీ లేదు. ఈలోపు సేవ్ చేసిన ఫైళ్లకు తప్పు టైమ్ పడుతుంది. ప్రోగ్రామ్‌లు కంపైల్ చేసేవాళ్లకు అది పెద్ద తలనొప్పి: ఏ ఫైల్ కొత్తదో తెలియక మేక్ అనే కంపైల్ టూల్ తికమక పడుతుంది. సిస్టమ్‌లోనే లాగిన్ కోడ్‌లిచ్చే అథెంటికేటర్ యాప్ ఉంటే దాని కోడ్‌లు కూడా పనిచేయవు, అవి సాధారణంగా 30 సెకన్లకోసారి మారేవి. ల్యాబ్ సంగతి ఒప్పుకుంటా, పదిమంది చేతులు పడే చోట నీ దారే మేలు. ఒక్కరే వాడే ల్యాప్‌టాప్‌కు మాత్రం నా మాట రిజిస్ట్రీయే.

టవర్‌క్లాక్:
ఏదో ఒకటే చెయ్యి తమ్ముడూ. రెండూ చేస్తే ఉబుంటు లోకల్ టైమ్ రాస్తుంది, విండోస్ దాన్ని యూటీసీ అనుకుంటుంది. అప్పుడు ఐదున్నర గంటలు ముందుకు పోతుంది.

పెన్నాతీరం:
సరే, ల్యాప్‌టాప్ నా ఒక్కడిదే, రిజిస్ట్రీయే మారుస్తా. బయాస్ టైమ్ ముట్టుకోవద్దని షాపాయనకు ముందే చెబుతా.