కాకతాళీయమా, యాదృచ్ఛికమా?

(బెంగళూరులో నలుగురి మధ్య మాటలివి; ఎవరి పేట పేరే వాళ్ల పేరు.)

కోరమంగళ: ఒకేలాంటి జన్యువులున్న బాక్టీరియా కణాల్లో కూడా ప్రోటీను ఒక్కోదాంట్లో ఒక్కోలా ఎందుకు తయారవుతుందో తెలుగులో రాస్తున్నాను. ‘స్టొకాస్టిక్’కి, అంటే పాచిక పడ్డట్టు జరిగేదానికి, ‘కాకతాళీయం’ అనొచ్చా? వినసొంపుగా ఉందని అడుగుతున్నా. అలాగే ‘నాయిస్’ని, అంటే కణానికీ కణానికీ వచ్చే ఈ తేడాని, ‘రొద’ అంటే?

మల్లేశ్వరం: కాకి వాలింది, తాటిపండు రాలింది. రెంటికీ సంబంధం లేదు, సమయం కలిసిందంతే. అదమ్మా కాకతాళీయం. యదృచ్ఛ వేరు, తనంత తాను వచ్చిపడేది. గీతలో ‘యదృచ్ఛాలాభసంతుష్టః’ గుర్తుందా? ఇంటర్ లెక్కల పుస్తకంలో ‘యాదృచ్ఛిక చలరాశి’ ఎప్పటినుంచో ఉంది. ఉన్నమాట వదిలి కొత్తది ఎందుకు?

హెబ్బాళ: మాస్టారి మాటకే నా ఓటు. నా పని ఈ మోడళ్లే. కాకి ఎప్పుడు వాలుతుందో లెక్క కట్టలేం గానీ, ఇక్కడ లెక్కుంది. ఒక ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీను తయారీకి జన్యువు నుంచి తీసిన నకలు) ఎప్పుడు పుడుతుందో చెప్పలేం, కానీ సగటు వేగం తెలుసు. కణానికి సగటున 4 ఉంటే, సరళమైన మోడల్‌లో పాయిజాన్ విభాజనం (విడివిడిగా, యాదృచ్ఛికంగా జరిగేవాటి లెక్క) ప్రకారం క్రమవిచలనం (సగటు నుంచి మామూలుగా ఉండే తేడా) 2, అంటే సగటులో సగం! వంద కణాల్లో ఇంచుమించు రెండింట్లో ఒక్కటీ ఉండదు. అదే సగటు 10,000 అయితే క్రమవిచలనం 100, ఒక్క శాతమే. తక్కువ సంఖ్యల దగ్గరే అసలు తంటా. 1977లో గిలెస్పీ ఇచ్చిన పద్ధతిలో ఒక్కో చర్యనూ ఇలాగే పాచికలేసి కంప్యూటర్‌లో నడిపిస్తాం.

వైట్‌ఫీల్డ్: ‘రొద’ వద్దండీ బాబూ, మైకు సెట్టు గుర్తొస్తుంది. ‘ఒడుదుడుకులు’ అనండి.

మల్లేశ్వరం: భేష్. ‘ఒడిదుడుకులు’ అని రాసేవాళ్లూ ఉన్నారు, ఆ తగువు ఇవాళ వద్దు.

కోరమంగళ: సరే. మరి ఈ ఒడుదుడుకుల్లో రెండు రకాలు, ‘ఇంట్రిన్సిక్’, ‘ఎక్స్‌ట్రిన్సిక్’?

హెబ్బాళ: 2002లో ఎలోవిట్జ్ బృందం చేసిన ప్రయోగం చూస్తే మాటలు వాటంతటవే దొరుకుతాయి. ఒకే ఇ. కోలై బాక్టీరియా కణంలో ఒకేలాంటి ప్రమోటర్ల (జన్యువుని నడిపించే మీటల) కింద రెండు రంగుల్లో వెలిగే రెండు ప్రోటీన్లు పెట్టారు. రెండూ కలిసి పెరిగి, కలిసి తగ్గితే కారణం కణమంతటిదీ: రైబోజోములు (ప్రోటీన్లు తయారుచేసే యంత్రాలు) ఎక్కువో తక్కువో అయి ఉండొచ్చు. ఒకటి పెరిగి రెండోది పెరక్కపోతే అది ఆ జన్యువు దగ్గరి పాచిక. మొదటిది ‘బాహ్య’, రెండోది ‘అంతర్గత’ అంటే చాలు. అయితే ‘బాహ్య’ అంటే కణం బయట అనుకుంటారు, జన్యువుకి బయట అని ఒక్క ముక్క తప్పకుండా రాయండి.

వైట్‌ఫీల్డ్: ‘బర్స్ట్’ వదిలేశారు. జన్యువు కాసేపు మూగనోము పట్టి, తర్వాత ఒక్కసారిగా బోలెడు ఎంఆర్‌ఎన్‌ఏ చేస్తుందట కదా?

హెబ్బాళ: అవును. అలాంటప్పుడు విస్తృతి (క్రమవిచలనం వర్గం) సగటుని దాటిపోతుంది, పాయిజాన్ చాలదు. మేం ‘బర్స్ట్’ అనే అంటాం.

మల్లేశ్వరం: ‘జల్లు’. కాసేపు తెరిపి, కాసేపు జల్లు. ఇంతకన్నా ఏం కావాలి?

కోరమంగళ: ‘జన్యువు జల్లులు జల్లులుగా పనిచేస్తుంది’. రాసేశాను మాస్టారూ.